చెక్క నేలకు కొత్త పాలిష్: ఘాటు పోయేదాకా పాలు పొంగించొద్దు

సందేహం: అమెరికాల ఇల్లు కొన్నం. చెక్క నేలకు సాండింగ్ చేయించి పాలియురెథేన్ పాలిష్ కొట్టించినం. వాసనకు తల పగులుతుంది. ఎల్లుండి గృహప్రవేశం, నల్లగొండ నుంచి అమ్మానాన్న గూడ వచ్చిన్రు. ఏం చెయ్యాలె?

ముందు ముహూర్తం వెనక్కి జరపండి. పంతులుగారు ఏమన్నా సరే, ఘాటు తగ్గని ఇంట్లో హోమం పనికిరాదు, పాలపొయ్యీ పనికిరాదు. నూనె రకం పాలియురెథేన్‌లోంచి లేచే ఆవిరికి నిప్పంటుకుంటుంది. అది గాలికంటే బరువు కాబట్టి నేలబారుగా పాకి, బేస్‌మెంట్‌లోని గ్యాస్ వాటర్ హీటర్ పైలట్ మంటదాకా (ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంట) పోగలదు. అందుకే కోటు వేసే ముందే పైలట్లు ఆర్పించాలి, ఘాటు పోయాకే వెలిగించాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టి బయట ఉంచండి.

మనకాడ తాండూరు బండలో, సిమెంటు నేలో ఉంటుంది. వాసనంటే సున్నాలు, రంగులప్పుడే. తలుపులూ కిటికీలూ ఎట్లాగూ బార్లా తెరిచే ఉంటాయి. ఇక్కడి ఇల్లు చలికి బిగించి కట్టింది, లోపలి గాలి లోపలే తిరుగుతుంది.

తేడా ఎక్కడొస్తుందంటే, నేల ఆరడం వేరు, గట్టిపడడం వేరు. నీళ్ల రకం కోటు రెండు నుంచి నాలుగు గంటల్లో ఆరుతుంది, పూర్తిగా గట్టిపడడానికి వారం పైనే పడుతుంది. నూనె రకం కోటు ఆరడానికే 8 నుంచి 24 గంటలు, గట్టిపడడానికి దాదాపు 30 రోజులు. ఆ రోజులన్నీ ఎంతో కొంత వాసన వస్తూనే ఉంటుంది. తివాచీ తొందరపడి పరిస్తే దాని కింద ఆవిరి చిక్కుకుంటుంది. పనివాడు ఏ రకం వేశాడో తెలియకపోతే డబ్బా ఫొటో, సేఫ్టీ డేటా షీట్ (అందులో ఏముందో, ఏం జాగ్రత్తలో చెప్పే కంపెనీ కాగితం) అడిగి తీసుకోండి.

గాలి ఇట్లా ఆడించండి: ఒక అర్ర కిటికీలో బాక్స్ ఫ్యాన్ పెట్టి గాలిని బయటికి తోయండి, దానికి ఎదురుగా దూరంగా ఉన్న ఇంకో కిటికీ నాలుగు వేళ్లు తెరవండి. రెండోది మూసి ఒక్క ఫ్యానే తిప్పితే గ్యాస్ వాటర్ హీటర్ పొగ గొట్టంలోంచి లోపలికే తన్నొచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసన రాదు. కోటు ఇంకా తడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ గాలి నేరుగా నేలమీదికి కొట్టొద్దు: దుమ్ము అంటుకుంటుంది, పైపొర ముందే ఆరి బుడగలొస్తాయి. చలికాలమైతే ఇంటిని 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంచి, రోజుకు నాలుగైదు సార్లు పావుగంట చొప్పున తెరవండి. చల్లటి ఇంట్లో కోటు గట్టిపడడం మందగిస్తుంది.

ఊదు వేయడం, అగరుబత్తీలు వెలిగించడం, కోసిన ఉల్లిగడ్డ పెట్టడం మానుకోండి. మొదటి రెండూ ఉన్న ఘాటుకు పొగను కలుపుతాయి, మూడోది ఏమీ చేయదు. వాసన పోగొడుతుందని అమ్మే ఓజోన్ యంత్రం ఊపిరితిత్తులకే చేటు. గాలి శుద్ధి యంత్రంలోని హెపా ఫిల్టర్ దుమ్మును పడుతుంది, ఆవిరిని పట్టదు. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిరిని పీల్చే బొగ్గు) కావాలి, అదీ పల్చటి పొర కాదు, కిలోల లెక్కన ఉండాలి. ఎన్95 మాస్కు కూడా ఆవిరిని ఆపదు.

నేల ల్యామినేట్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలకలు) అయితే కథ వేరు. అందులో గుబులు పెట్టేది జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు. పెట్టెమీద టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్ (ఫార్మాల్డిహైడ్‌కు హద్దు పెట్టే అమెరికా నిబంధన) అని ఉందో లేదో చూడండి. వేడి, తేమ పెరిగితే అది ఎక్కువగా వెలువడుతుంది. ఇల్లు కాచి వాసన వెళ్లగొడదామనుకోవద్దు.

ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు, పాకే పిల్లలు, గర్భిణులు ఘాటు తగ్గేదాకా వేరేచోట పడుకోవాలి. తలనొప్పి బయటికెళ్తే తగ్గి లోపలికొస్తే మొదలవుతుంటే అది ఇంట్లోని గాలి పనే కావొచ్చు: వాసనైనా కావొచ్చు, కార్బన్ మోనాక్సైడైనా కావొచ్చు. అనుమానముంటే విషాల గురించి సలహా చెప్పే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఊపిరాడకపోతే 911.

రెండు వారాలైనా నేల వేలికి జిగటగా తగిలితే మాత్రం ఎంత గాలి ఆడించినా లాభం లేదు. ఒక కోటు ఆరకముందే దానిమీద ఇంకోటి వేసి ఉంటారు, లేదా మందంగా పోసి ఉంటారు. గీకించి మళ్లీ వేయించాల్సిందే, కాబట్టి చివరి విడత పైసలు అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోండి.