సమాధానం: ప్రీమియర్ మ్యాచ్‌లలో మోసగాళ్లు, నాసిరకం బహుమతులు

కౌంటర్-స్ట్రైక్ 2 అనే తుపాకీల వీడియో ఆటలో, ర్యాంకు కోసం పోటీపడే ప్రీమియర్ విభాగంలో గోడల అవతలివారిని చూసి కాల్చేవారు తరచుగా ఎదురవుతున్నారనీ, ఎంత ఆడినా దక్కే బహుమతి నాసిరకంగానే ఉంటోందనీ, ఆట మానేయడమే మేలా అనీ మీరు అడిగారు. మానేయనక్కరలేదు, ఆడే చోటు మార్చి చూడండి.

ఆట తయారీదారు వాల్వ్ వారి వ్యాక్ అనే మోస నిరోధక వ్యవస్థ విండోస్ కెర్నల్ (కంప్యూటర్ మొత్తంపై అధికారం ఉండే లోపలి పొర) స్థాయిలో పనిచేయదు కనుక, అంతకంటే లోతున దాగే మోసపు ప్రోగ్రామ్‌లను పసిగట్టడం దానికి కష్టం. ఇదే ఆటకు విడిగా మ్యాచ్‌లు నడిపే ఫేస్‌ఇట్ అనే వేదిక వారి యాంటీ-చీట్ (మోస నిరోధక ప్రోగ్రామ్) కెర్నల్ స్థాయిలోనే కాపలా కాస్తుంది, పైగా అక్కడ ఉచిత ఖాతాతోనూ ఆడవచ్చు. అక్కడా మోసం పూర్తిగా లేదనను. అయితే అంతటి అధికారం ఉన్న ప్రోగ్రామ్‌ను బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లోనే పెట్టుకోవడం మీకు సమ్మతమో కాదో ముందే తేల్చుకోండి (నాకైతే ఇది చిన్న విషయంగా తోచదు).

ప్రీమియర్‌లోనే కొనసాగదలిస్తే, 2017లో వచ్చిన ట్రస్ట్ ఫ్యాక్టర్‌ను (ఆటగాడిని ఎంత నమ్మవచ్చో వాల్వ్ వేసే అంచనా) గుర్తుంచుకోండి: అది బాగా తక్కువగా ఉన్న మిత్రుడితో జట్టు కడితే మీకు దొరికే మ్యాచ్‌ల నాణ్యత కూడా పడిపోతుంది.

ఇక బహుమతి సంగతి. ప్రైమ్ (డబ్బు చెల్లించి పొందే హోదా) ఖాతాకు వారంలో మొదటిసారి ప్రొఫైల్ స్థాయి పెరిగినప్పుడు నాలుగు వస్తువులు చూపి రెండు ఎంచుకోమంటారు. ఆ తరువాత ఎన్ని మ్యాచ్‌లు ఆడినా ఆ వారానికి అటువంటి అవకాశం మళ్లీ రాదు. ఆ వస్తువులను వాల్వ్ వారి స్టీమ్ మార్కెట్‌లో అమ్మితే రుసుము పోగా మిగిలినది స్టీమ్ వాలెట్‌కే చేరుతుంది, బ్యాంకుకు రాదు. కాబట్టి వారంలో ఆ మొదటి స్థాయి పెరిగాక బహుమతి కోసమే మోసగాళ్ల మధ్య రాత్రిళ్లు గడపవలసిన పని లేదు.