అరవై వేల గేమింగ్ పీసీ ఎన్నేళ్లు లాగుతుంది?

డిగ్రీ చదివే మీ తమ్ముడికి అరవై వేలలో గేమింగ్ పీసీ అసెంబుల్ చేయిద్దామనుకుంటున్నారు, ఐదేళ్లైనా వస్తుందా అని అడిగారు. వస్తుందండీ. కాకపోతే ఐదో ఏడు మొదటి ఏడులా ఉండదు. మూడేళ్లు నిశ్చింతగా ఆడుకోవచ్చు, ఆపైన రెండేళ్లు సెట్టింగ్స్ తగ్గించుకుంటూ నెట్టుకురావచ్చు. మధ్యలో ఒక్కసారి గ్రాఫిక్స్ కార్డు మారిస్తే ఇంకా లాగుతుంది. నాది ఇప్పుడు ఏడో ఏట ఉంది.

2019 జూన్‌లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఒకేచోట ఉండే సీటీసీలో ఒక పూటంతా తిరిగి కొన్నాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 4 జీబీ ఆర్‌ఎక్స్ 570 గ్రాఫిక్స్ కార్డు, చిన్న ఎస్‌ఎస్‌డీ, 1080పీ మానిటర్. మొత్తం 54 వేలయింది. ఆ ఏడాది చివర్లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గేమ్ పీసీకి వస్తే మీడియంలో 45 ఎఫ్‌పీఎస్ (అంటే సెకనుకు 45 ఫ్రేములు) దాకా ఇచ్చింది. నాకు అంతకంటే ఏం కావాలి?

మొదట చాలనిది ర్యామ్. వెనక బ్రౌజర్ తెరిచి ఉంటే ఆట మధ్యమధ్యలో ఆగి ఆగి నడిచేది. ఇంకో 8 జీబీ స్టిక్ వేశాక ఆ బాధ పోయింది. మీరైతే మొదటే 16 జీబీ, రెండు స్టిక్కులుగా తీసుకోండి.

రెండోది నా కక్కుర్తి. ఎస్‌ఎంపీఎస్‌లో (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) చవకది తీసుకుని పదిహేను వందలు మిగిలాయని సంబరపడ్డాను. మూడో వేసవిలో ఒక రాత్రి టప్‌మని శబ్దం, గదంతా కాలిన వాసన. బోర్డు, కార్డు కూడా పోయాయేమోనని రెండు రోజులు అన్నం సహించలేదు. అదృష్టం, బతికాయి. అప్పట్లో క్రిప్టో మైనింగ్ గోల వల్ల కార్డుల ధరలు మండిపోతున్నాయి. నేను 12 వేలకు కొన్న కార్డుకి వాడినదైనా సరే 18 వేలు ఇస్తామన్నవాళ్లున్నారు. అది కాలిపోయి ఉంటే ఏడాదిపాటు గేమింగ్‌కి దండం పెట్టాల్సి వచ్చేది.

అసలు కార్డు ఎప్పుడు పాతబడింది అంటే, ఎఫ్‌పీఎస్ మెల్లమెల్లగా తగ్గడం వల్ల కాదు. తగ్గితే షాడోస్ తగ్గిస్తాం, ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే సదుపాయం) ఆన్ చేస్తాం, ఏదో ఒకటి చేస్తాం. 2023లో అలాన్ వేక్ 2 వచ్చింది. దానికి మెష్ షేడర్లు (3డీ ఆకారాలను కార్డు వేగంగా లెక్కేసే కొత్త పద్ధతి) కావాలి, నా కార్డులో ఆ సంగతే లేదు. సెట్టింగ్స్ ఎంత తగ్గించినా అది ఆటలా లేదు, స్లైడ్ షోలా ఉంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌కైతే రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కించే పద్ధతి) హార్డ్‌వేర్ తప్పనిసరి. కాబట్టి బడ్జెట్ కార్డు ఎంచుకునేటప్పుడు స్పీడు ఒక్కటే చూడకండి, అది ఏ తరం కార్డో చూడండి. వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) 8 జీబీకి తగ్గొద్దు, ఇంకొంచెం ఎక్కువ దొరికితే మంచిదే.

నన్ను గట్టెక్కించింది మదర్‌బోర్డు. 2023 చివర్లో అదే బోర్డులో రైజెన్ 5 5600 పెట్టి, ఆర్‌ఎక్స్ 6600 కార్డు వేశాను. రెండూ కలిపి 31 వేలు. కొత్త ప్రాసెసర్ పెట్టే ముందు బయాస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి, ఆ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. పక్కింటి అన్న దగ్గర యూపీఎస్ అడిగి తెచ్చుకుని పెన్‌డ్రైవ్ పెట్టాను. శాతాలు ఒక్కొక్కటే కదులుతుంటే ఫ్యాన్ స్విచ్ వేయడానికి కూడా భయమేసింది. అలాంటి అవకాశం మీ తమ్ముడికీ ఉండాలంటే ఏఎం5 (ఏఎండీ కొత్త ప్రాసెసర్ సాకెట్) ఉన్న బోర్డు తీసుకోండి, తర్వాత వచ్చే తరాల ప్రాసెసర్లు కూడా అందులో పడతాయి. ఇంటెల్ 12400ఎఫ్ కూడా మంచిదే, కానీ ఆ సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏఎం5కి డీడీఆర్5 రకం ర్యామ్ తప్పదు కాబట్టి లెక్క చూసుకుని దిగండి.

ఇంకోటి, మన దుమ్ము. ఒక మే నెలలో ప్రాసెసర్ 94 డిగ్రీలు చూపిస్తుంటే క్యాబినెట్ పక్క డోరు తీశాను. కూలర్ రేకుల మధ్య దుమ్ము దూది పరుపులా పేరుకుపోయి, గోటితో లాగితే ముక్కలుగా ఊడొచ్చింది. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కి చేరవేసేది) తుడిచి కొత్తది రాస్తే 73కి దిగింది. ఆరు నెలలకోసారి ఈ పని మీ తమ్ముడి చేతే చేయించండి.

పాత 2600 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 570 ఏం చేశానంటే, సెకండ్ హ్యాండ్ బోర్డు ఒకటి చూసి ఖమ్మంలో ఉన్న మా అక్క కొడుక్కి బిగించి ఇచ్చాను. విండోస్ 11 పడింది. వాలరెంట్ గేమ్ కోసం బయాస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్స్ ఆన్ చేయాల్సొచ్చింది, అంతే. వాడు ఆడేది అదొక్కటే. వంద ఎఫ్‌పీఎస్ పైనే వస్తోంది. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, ఇంత మంచి కార్డు ఎందుకు తీసేశావు?" అని అడిగాడు.