60 వేలు కట్టే ముందు సరూర్‌నగర్ చెరువు దాకా వెళ్లి రమ్మనండి

కొత్తపేట నుంచి ఒక తల్లి రాశారు. కూతురు బీఎస్సీ ఫైనలియర్. పోయిన ఏడాది కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపులో వికారాబాద్ వైపు ఒక ఊళ్లో వారం రోజులు ఉండి వచ్చింది, అప్పట్నుంచి ఒకటే పాట, "ఊళ్లలో పని చేస్తా, కమ్యూనిటీ డెవలప్‌మెంట్‌లోకి వెళ్తా" అని. నాన్నగారేమో బ్యాంకు కోచింగ్‌లో చేర్పిద్దామంటున్నారు. ఇంతలో ఆ అమ్మాయే ఎక్కడో చూసి 3 నెలల యువ నాయకత్వ కోర్సు ఒకటి పట్టుకొచ్చింది. శని, ఆదివారాలు క్లాసులు, ఫీజు 60 వేలు, ఆఖర్న హోటల్లో ఫంక్షన్ పెట్టి సర్టిఫికెట్. "కట్టమంటారా? అసలు ఈ లైన్లో ఉద్యోగాలుంటాయా? ఆడపిల్ల ఒక్కతే ఊళ్లు పట్టుకుని తిరగడమేంటి? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలి?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్తా: కట్టకండి. మీరు పంపిన సిలబస్ చూశాను. పబ్లిక్ స్పీకింగ్, టైమ్ మేనేజ్‌మెంట్, గ్రూప్ డిస్కషన్, ఒక రోజు బస్సులో ఊరికెళ్లి ఫొటోలు దిగి రావడం. ఇంటర్వ్యూలకు పనికొస్తే రావచ్చు. ఊరి పనిలో మాత్రం మొదటి రెండేళ్లు మైకు పట్టుకునే అవసరమే పెద్దగా రాదు, వినడమే పని, ఆ వినడం ఏసీ హాల్లో నేర్పేది కాదు.

కానీ మీ అమ్మాయి కోరిక మాత్రం తేలిగ్గా తీసెయ్యకండి. వారం క్యాంపుకెళ్లి వచ్చిన పిల్లల్లో చాలామంది రెండో వారానికే ఆ ఊరి పేరు మర్చిపోతారు. ఏడాదైనా ఈ అమ్మాయి మర్చిపోలేదంటే అందులో ఏదో ఉంది. అది ఎంత గట్టిదో తేల్చుకోవడానికి ఒక ఏడాది ఇవ్వండి, ఆ ఏడాదికి మీ జేబులోంచి పెద్దగా ఖర్చు కూడా ఉండదు. ఎలాగో చెప్తా.

ముందు నా సంగతి ఒకటి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ నాలుగేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేశాను. పేరెందుకు గానీ, ఒక ఊళ్లో మంచినీళ్ల ఫిల్టర్ ప్లాంటు పెట్టాం. దాత డబ్బిచ్చాడు, మేం మిషన్ తెచ్చాం, రిబ్బన్ కట్ చేయించాం, అందరం చప్పట్లు కొట్టాం. కరెంటు బిల్లు ఎవరు కడతారు, నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పాడైతే డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, తాళంచెవి ఎవరి దగ్గరుండాలి, ఇవి ఒక్కటీ ఊరివాళ్లను కూర్చోబెట్టి అడగలేదు. ఆరు నెలల తర్వాత వెళ్తే షట్టర్‌కి తాళం, లోపల ఎవరివో యూరియా బస్తాలు. ఒక పెద్దాయన నవ్వుతూ అన్నాడు, "మీ ప్లాంటు పనిచేస్తలేదు సార్, వచ్చి బాగు చేయించుకోండి" అని. మీ ప్లాంటట! ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. వరంగల్ వైపు బాలవికాస లాంటి సంస్థలు ఇదే నీళ్ల ప్లాంటును ఇంకో దారిలో పెట్టాయి. ఊరివాళ్లు ముందు తమ వంతు డబ్బు వేసుకోవాలి, కమిటీ పెట్టుకోవాలి, బిందెకు ఇంత అని వసూలు చేసుకుని వాళ్లే నడుపుకోవాలి. మిషన్ అదే. తేడా అంతా మిషన్ రాకముందు జరిగిన మీటింగుల్లో ఉంది. సుస్థిర అభివృద్ధి అని పుస్తకాల్లో రాసేదాన్ని నేను ఇలాగే అర్థం చేసుకున్నాను: మనం వచ్చేశాక కూడా ఆ షట్టర్ రోజూ పొద్దున తెరుచుకోవడం.

కాబట్టి ఈ పనిలో లీడర్‌షిప్ ట్రైనింగ్ అంటే మీ అమ్మాయిని లీడర్ని చెయ్యడం అనుకోకండి. ఊళ్లో లీడర్లు ఆల్రెడీ ఉంటారు. వాళ్లను గుర్తుపట్టడం, పక్కన కూర్చోవడం, వాళ్లకు లేని లెక్కో కాగితమో చట్టమో అందించడం, పని నిలబడ్డాక పక్కకు తప్పుకోవడం, ఆ అమ్మాయి నేర్చుకోవాల్సింది ఇదీ. ముంబై హైవే మీద జహీరాబాద్ దాకా వెళ్తే పస్తాపూర్ ఉంది. అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతుల సంఘాలతో పనిచేస్తోంది. జొన్న, కొర్ర, సామ లాంటి పంటల విత్తనాలు ఇళ్లలో దాచుకుని కాపాడుకున్నది ఆ ఆడవాళ్లే, వాళ్లలో చాలామంది బడి గడప తొక్కనివాళ్లు. 2008లో వాళ్ల సంఘం రేడియో మొదలైతే మైకు ముందు కూర్చున్నదీ వాళ్లే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ల పనికి ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. వీళ్లకు పబ్లిక్ స్పీకింగ్ కోర్సు ఎవరు చెప్పారంటారు?

ట్రైనింగ్ అసలు అక్కర్లేదని కాదండోయ్. ఇంకో ఉదాహరణ చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలుపెట్టినప్పుడు, ఊళ్లో కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల్నే ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. మస్టర్ (పనికొచ్చినవాళ్ల హాజరు పట్టీ) ఎలా చదవాలి, కొలతల పుస్తకం ఎలా చూడాలి, ఇంటింటికీ వెళ్లి "ఈ వారం పనికెళ్లావా అన్నా, డబ్బులు చేతికొచ్చాయా" అని ఎలా అడగాలి, ఇవే పాఠాలు. తర్వాత మండలంలో అందరి ముందు, అధికారులు కూర్చుని ఉండగా, ఆ పిల్లలే లేచి చదివారు: ఫలానా మస్టర్లో పేరుంది, మనిషి పనికి పోలేదు, డబ్బులు డ్రా అయ్యాయి అని. నన్నడిగితే మన దగ్గర యువతకు దొరికిన నాయకత్వ శిక్షణల్లో ఇంతకంటే గట్టిది నాకు కనిపించలేదు.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. ఈ ఏడాది ఆ అమ్మాయి ఏం చెయ్యాలి?

మొదటి పని ఇంటి పక్కనే ఉంది. 2020 అక్టోబర్లో కుండపోతగా కురిసినప్పుడు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు ఎలా మునిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు, మీరు చూసే ఉంటారు. ఒక ఆదివారం నోట్‌బుక్ తీసుకుని ఆ మునిగిన వీధుల్లో ఒకదానికి వెళ్లమనండి. పది ఇళ్లు. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి, గోడ మీద గుర్తు ఇంకా ఉందా, నాలా ఎటు పోతుంది, ఎవరు ముందు సాయం చేశారు, ఆ తర్వాత కాలనీ వాళ్లంతా ఒక్కసారైనా కలిసి కూర్చున్నారా, ఇవి అడిగి రాసుకుని రమ్మనండి. రెండు ఇళ్లలో తలుపు తియ్యరు, ఒకచోట "మీరు ఏ పార్టీ" అంటారు, ఒకచోట టీ ఇచ్చి గంటసేపు వదలరు. పదో ఇంటి తర్వాత ఆ అమ్మాయి మొహం చూడండి. విసుగ్గా ఉందా, లేక "అమ్మా, నాలా మలుపు దగ్గర ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టిందా? నా దగ్గరకొచ్చే పిల్లలకు నేను పెట్టే ఆప్టిట్యూడ్ టెస్ట్ ఇదొక్కటే.

రెండోది, సెలవుల్లో ఏదైనా ఊళ్లో మహిళా సంఘం మీటింగుల్లో కూర్చోవాలి. మీకు పల్లెలో చుట్టాలుంటే అదే చాలు, గ్రామ సమాఖ్య (ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన సంఘం) లెక్కలు రాసే వీఓఏ ఎవరో కనుక్కుని, "అక్కా, మీ పక్కన కూర్చుంటా" అని అడగమనండి. చాప మీద పది పన్నెండు మంది కూర్చుంటారు, మధ్యలో తీర్మానాల పుస్తకం, పొదుపు పాస్‌బుక్కులు, రబ్బర్ బ్యాండ్ వేసిన నోట్లు. వాళ్లు పంచసూత్రాలు అంటారు: సమావేశం, పొదుపు, లోపల లోపల అప్పులు, వాయిదా కట్టడం, పుస్తకం రాయడం. ఆ అయిదో దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను చూసిన సంఘాల్లో విడిపోయినవి ఎక్కువ భాగం దొంగతనం వల్ల విడిపోలేదు, ఎవరి వాయిదా ఎంత మిగిలిందో ఆర్నెల్లుగా ఎవరూ సరిగ్గా రాయకపోవడం వల్ల విడిపోయాయి. తప్పు లేకుండా ఒక సంఘం పుస్తకం రాయగలిగిన డిగ్రీ పిల్లకు నేను కళ్లు మూసుకుని రికమెండేషన్ రాస్తాను. మీ ఆయనకు కూడా చెప్పండి, బ్యాంకు పనికీ అదే పునాది!

ఎన్‌ఎస్‌ఎస్ గురించి ఒకటి. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక వారం క్యాంపు పూర్తి చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. గంటలు రికార్డులో పడ్డాయో లేదో ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని ఇప్పుడే అడిగి తీసుకోమనండి, డిగ్రీ అయిపోయాక ఆ కాగితం కోసం కాలేజీ చుట్టూ తిరిగేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

డిగ్రీ చేతికొచ్చాక ఫెలోషిప్. వీటికి మీరు ఫీజు కట్టరు, వాళ్లే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా అయితే 13 నెలలు, ఏదో ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి ఊళ్లోనే ఉండి పనిచెయ్యాలి. గాంధీ ఫెలోషిప్ రెండేళ్లు. టీచ్ ఫర్ ఇండియా కూడా రెండేళ్లే, అందులో హైదరాబాద్ కూడా ఉంది, ఇక్కడి పేద పిల్లల బడుల్లో పాఠం చెప్పాలి, ఇల్లు వదలడం మీకు మరీ కష్టంగా ఉంటే ఇది ఆలోచించండి. వయసు, అర్హత, చివరి తేదీ వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి, వాట్సాప్‌లో వచ్చే పోస్టర్లు నమ్మకండి.

పీజీ ఆ తర్వాతే. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు నాతో గొడవపడతారు, గ్యాప్ వస్తుంది సార్ అని. రానివ్వండి. ఊళ్లో ఏడాది ఉండి వచ్చిన పిల్ల క్లాసులో అడిగే ప్రశ్న వేరు, ఇంటర్వ్యూలో చెప్పే జవాబు వేరు. కెనడాలో కోడీ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుంది, నోవా స్కోషియాలో, 1959 నుంచి ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే సామాజిక కార్యకర్తలకు నాయకత్వ శిక్షణే దాని పని. అది కూడా ముఖ్యంగా ఫీల్డులో పనిచేసి వచ్చినవాళ్ల కోసం నడుస్తోంది. అంత పేరున్న చోటే ముందు ఊరు, తర్వాత క్లాసు అంటుంటే, మన దగ్గర శని ఆదివారాల వాళ్లు మూడు నెలల్లో లీడర్ని చేసిస్తామంటున్నారు!

హైదరాబాద్‌లోనే చదవాలంటే ఉస్మానియాలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఉంది, గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ సోషల్ వర్క్ కాలేజీ ఉంది, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ క్యాంపస్ ఉంది. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది, దేశం మొత్తం నుంచి అధికారులు ట్రైనింగ్‌కి వస్తారు, అక్కడి గ్రామీణ సాంకేతిక పార్కు చూడటానికి ఒకసారి ఇంటిల్లిపాదీ వెళ్లండి, మట్టి ఇటుకల ఇళ్లు, సోలార్ పరికరాలు చూస్తే మీ ఆయనకు కూడా ఈ లైన్లో పని ఏముంటుందో కొంత అర్థమవుతుంది. బయటికి పంపగలిగితే బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, గుజరాత్‌లోని ఆనంద్‌లో గ్రామీణ మేనేజ్‌మెంట్ చెప్పే ఇర్మా. ఇర్మా 1979లో అమూల్ కురియన్ పెట్టింది, 2025లో త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంలో కలిసింది. దాని ఫీజు గట్టిగానే ఉంటుంది, లోన్ లెక్క వేసుకోకుండా దిగకండి.

ఉద్యోగాలు ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి, హైదరాబాద్‌లో ఫార్మా, ఐటీ కంపెనీలకు కొదవ లేదు కాబట్టి ఆ డబ్బు సరిగ్గా ఖర్చు పెట్టించే మనుషులు కావాలి. స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ ప్రాజెక్టులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఉండనే ఉన్నాయి. జీతం సంగతి దాచను: మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో చేరిన మీ అక్క కొడుకు కంటే తక్కువే వస్తుంది, అయిదారేళ్లు ఆ తేడా అలాగే ఉంటుంది, కొన్ని సంస్థల్లో ప్రాజెక్టు అయిపోగానే ఉద్యోగమూ అయిపోతుంది. ఇంటి మీద అప్పుండి ఈ అమ్మాయి జీతమే ఆధారమైతే నా సలహా మారుతుంది, అప్పుడు బ్యాంకు పరీక్షే ముందు రాయమంటాను. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు కాబట్టి ఇలా చెప్తున్నా.

ఒక్కతే తిరగడం గురించి మీ భయం సరైనదే, దాన్ని ప్రశ్నలుగా మార్చండి. చేరే ముందు సంస్థవాళ్లను నేరుగా అడగండి: ఉండటం ఎక్కడ, అదే ఊళ్లో ఇంకో ఆడమనిషి ఉద్యోగి ఉందా, చీకటి పడ్డాక మీటింగులుంటే వెనక్కి ఎలా తెస్తారు, అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలని, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టమే చెప్తోంది. నీళ్లు నమిలితే అక్కడికి పంపకండి, ఎంత పేరున్న సంస్థ అయినా సరే.

సంబంధాల దగ్గర ఏం చెప్పుకోవాలంటారా, "మా అమ్మాయి గ్రామీణాభివృద్ధిలో పనిచేస్తోంది" అని చెప్పండి. "అంటే ఏంటండీ" అని అడిగినవాళ్లకు కాఫీ ఇవ్వండి, అడగకుండా జీతమెంత అన్నవాళ్లకు కూడా ఇవ్వండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంకొక్కటి. ఆ కోర్సుకి సీటు బ్లాక్ చెయ్యడానికి 5 వేలు అడ్వాన్స్ అడిగారని రాశారు, కట్టారో లేదో రాయలేదు. కట్టి ఉంటే రసీదు, రిఫండ్ నిబంధనలు ఉన్న మెసేజ్ భద్రంగా ఉంచి ఈ వారంలోనే రాతపూర్వకంగా రద్దు చెయ్యమని అడగండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. కట్టకపోతే ఆ 5 వేలల్లో ఒక మంచి టార్చి, వానకోటు, గట్టి చెప్పులు కొనిపెట్టండి. ఆ పది ఇళ్ల నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి నాకు పంపమనండి, అక్షరాలు బాగోకపోయినా పర్లేదు.