ఉత్తరంలో ఉన్నది కథలో ఏదమ్మా?

అమ్మాయీ,

నీ కథ, దాంతోపాటు పెట్టిన ఉత్తరం రెండూ అందాయి. ఉత్తరం ముందు చదవడం వల్ల కథ మీద ఒళ్లు మండింది. భాష శుభ్రంగా ఉంది, ఆ మాట చెప్పేశాను.

ఉత్తరంలో ఏం రాశావు? ఒహాయోలో షెల్టరు నుంచి తెచ్చుకున్న ఫెర్రెట్, అదే ముంగిసలా పొడుగ్గా ఉండే నీ పెంపుడు జంతువు, వెనక కాళ్లు ఈడుస్తూ, చొంగ కారుస్తూ, పంజాలతో మూతి గీరుకుంటుంటే పట్టుకుని పరిగెత్తావు. షుగరు 48కి పడిపోయింది. క్లోమంలో గడ్డ, ఇన్సులినోమా అన్నారు. ఫిట్సులో నోట్లో వేలు పెడితే కొరికేస్తుందని దూదిపుల్లతో చిగుళ్లకి తేనె రాశావు. తేనెకి లేచిన షుగరు చూసి ఆ గడ్డ ఇంకా ఇన్సులిన్ వదులుతుందట, అందుకని తేరుకోగానే మాంసం ముద్ద పెట్టావు. ఆపరేషన్‌కి మనలాగా రాత్రంతా కడుపు మాడ్చకూడదు, మూడు నాలుగు గంటలే. తెల్లారుజామున అలారం పెట్టుకుని లేచి, చివరి ముద్ద తినిపించి, గిన్నె తీసి బీరువాలో దాచావు. కథ అక్కడ మొదలు కావాలి కదమ్మా!

నువ్వేమో 'ఆ మూగజీవి కళ్లలో అనంతమైన వేదన' అని మొదలుపెట్టావు. సంతోషమొస్తే క్లుక్ క్లుక్‌మని గెంతుతుంది, కోపమొస్తే బుస కొడుతుంది అని ఉత్తరంలో రాసినదానివి, కథలో దానిచేత ఒక్క చప్పుడూ చేయించలేదు.

నాకున్న పిచ్చి ఒకటే. దుఃఖం రాయొద్దు, చాకిరీ రాయి. ఎవరు ఎత్తారు, ఎవరు తుడిచారు, మందు ఎంత పోశారు, డబ్బెవరిచ్చారు. మా ఊళ్లో గాలికుంటు వచ్చిన ఏడాది మీద నేనో కథ రాశాను. గేదె గిట్టల మధ్య పుళ్లు, మా అమ్మ పొటాషియం పర్మాంగనేటు నీళ్లతో కడగడం, చేతులకి ఆ గోధుమరంగు మరక పోకపోవడం, అన్నీ పెట్టాను. ఓ వారపత్రిక ఎడిటరుగారు కడగడం మొత్తం కొట్టేసి ఏడుపు ఉంచారు. 'పాఠకుడికి పశువైద్యం ఎందుకండీ' అని కార్డు ముక్క కూడానూ. ఆయన దయవల్ల నా కథలో అమ్మ ఊరికే కూచుని ఏడ్చింది. మా అమ్మకి ఏడవడానికి తీరికెక్కడిది?

'అమెరికా జంతువు మనవాళ్లకి తెలీదు' అని నీకెవరో చెప్పారట. కుందేళ్ల బొరియల్లోకి తోలడానికి మనిషి ఎప్పుడో మచ్చిక చేసుకున్న జీవం అది. రోజులో ముప్పావు వంతు నిద్రే అని రాస్తే గుంటూరులో ఉన్నవాడికీ తెలుస్తుంది. తెలిసిన జంతువులనే రాయాలంటే మనకి ఆవులూ కుక్కలే మిగులుతాయి.

ఆపరేషన్ నువ్వు చూడలేదు గనక 'కత్తి మెరిసింది' లాంటివి కొట్టెయ్. బియ్యపు గింజంత గడ్డలు తీశారనీ, పొట్ట తెరిచాక ఎడమ మూత్రపిండం పక్కన హార్మోన్లు వదిలే అడ్రినల్ గ్రంథి కూడా వాచి ఉంటే అదీ తీసేశారనీ డాక్టరు చెప్పింది ఉంచు. తోక బొచ్చు ఊడటానికి కారణం అదేనని నీకప్పుడు తెలిసింది, చదివేవాడికీ అప్పుడే తెలియనీ. కుట్లు తెగుతాయని బోనులో ఊయల విప్పేస్తే, అది దాని కోసం పైకి చూస్తూ తిరిగిందన్నావు. అంత మంచి ముక్క కథలోకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు.

చివర్లో 'మృత్యుంజయురాలు' ఏమిటి? గడ్డలు మళ్లీ రావచ్చనీ, వస్తే ప్రెడ్నిసొలోన్ అనే మందు మొదలుపెడదామనీ డాక్టరు అన్నట్టు నువ్వే రాశావు. ఈమధ్య పోటీ కథలన్నిటికీ చివర సూర్యోదయం తప్పనిసరి అయింది, ఆ జడ్జీల సంగతి ఇంకోసారి చెప్తాను.

ఇంకొకటి. బిల్లు చూసి మీ ఆయన రెండ్రోజులు మాట్లాడలేదన్నావు. కథలో ఆయన నీ కన్నీళ్లు తుడుస్తున్నాడు! బిల్లు ఎంతో అంకెతో సహా వెయ్యి, ఆయన్ని మాట్లాడనివ్వకు. చదివి కోప్పడితే నా పేరు చెప్పు.

తిరగరాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్లు ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు