ఇల్లు చూడ్డానికెళ్తే నేను ముందు చూసేది సన్‌షేడే

ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం కనబడితే మీకు అక్కడికక్కడే మనసు విరిగిపోతుంది అని కదా అడిగారు. నాకు ఒకటే ఒకటి. కిటికీ మీద సన్‌షేడ్, అదే గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చే సిమెంటు పలక, లేకపోతే ఆ ఇల్లు నాకొద్దు. తూర్పు ఫేసింగ్ అయినా వద్దు, సగం రేటుకిస్తానన్నా వద్దు, లోపల ఇటాలియన్ మార్బుల్ పరిచినా వద్దు. మా ఆయన దీన్ని పిచ్చి అంటారు, అననివ్వండి.

మీరు ఏ ఊళ్ళో ఉంటారో గానీ, హైదరాబాద్‌లో అయితే నడిచిపోద్దేమో, వైజాగ్‌లో నడవదు. ఇక్కడ వాన నిలువుగా పడదండి. జూన్ నుంచి నైరుతి వానలు, అవి అయిపోయాయి అనుకునేలోపు అక్టోబర్ నవంబర్లలో వాయుగుండాలు, ఎప్పుడు పడినా వెనకాల గాలి ఉంటది కాబట్టి జల్లు అడ్డంగా కొడుతుంది. పాత మేస్త్రీలు పెద్ద చదువులేం చదవలేదు గానీ ప్రతి కిటికీ మీదా సన్‌షేడ్ తీసేవాళ్ళు, నీళ్ళు అడుగు పట్టుకుని గోడ దాకా పాకకుండా దాని కింద అంచు వెంబడి సన్నగా ఒక గాడి కూడా పెట్టేవాళ్ళు. పాత ఇల్లు ఏదైనా ఉంటే తలెత్తి చూడండి, ఉంటుంది. ఇప్పుడు ఎండాడ దాటిన దగ్గర్నుంచి మధురవాడ, కొమ్మాది దాకా హైవే పక్కన లేస్తున్న వాటిల్లో ఎన్నింటికో నున్నటి గోడ, ఆ గోడలో అద్దం, అంతే. ఎందుకు పెట్టలేదు బాబూ అని ఒక సైట్ ఆఫీసులో కుర్రాణ్ణి అడిగితే "ఎలివేషన్ పోతుంది మేడం" అన్నాడు. ఎలివేషన్ అంటే బిల్డింగుకి బయటి సోకు, అది రోడ్డు మీద పోయేవాడికి కదా, నాకెందుకు? నేను ఉండేది లోపల.

వాన సంగతి సరే, ఎండ మాటేంటి? సముద్రం మనకి తూర్పు, ఆగ్నేయం వైపు. సీ వ్యూ అంటే పొద్దున ఆరింటి నుంచి ఎండ నేరుగా మొహం మీదకి వచ్చే వ్యూ అన్నమాట. ఏప్రిల్‌లో ఆ హాల్లో కూర్చుని కాఫీ తాగి చూడండి. అందుకే సీ వ్యూ కొన్నవాళ్ళందరూ మందపాటి కర్టెన్లు వేసుకుని లోపల లైట్లు వేసుకుని ఉంటారు, వ్యూ కోసం కట్టిన డబ్బులు కర్టెన్ వెనకాల ఉంటాయి.

దానికి తోడు ఈ స్లైడింగ్ కిటికీలు. రెండు రెక్కలుంటాయి, ఎంత తెరిచినా సగం మూసే ఉంటుంది, పెద్ద కిటికీ అని డబ్బులు తీసుకుంటారు, గాలొచ్చేది చిన్న కిటికీ అంత. రెక్కలు జరిగే కింద పట్టాలో నిలిచిన నీళ్ళు బయటికి పోడానికి చిన్న చిన్న కన్నాలు పెడతారు, మొదట్లో బానే పోతాయి, తర్వాత దుమ్మూ ఉప్పూ పావురాల ఈకలూ చేరి మూసుకుపోతాయి. పోనీ శుభ్రంగా ఉంచుకున్నా, గాలి గట్టిగా తోస్తే ఆ నీళ్ళు బయటికి పోవు సరికదా అదే కన్నాల్లోంచి బుడబుడలాడుతూ లోపలికి వస్తాయి. నేను కళ్ళారా చూశాను.

ఎప్పుడంటారా, హుద్‌హుద్ తుఫాను అప్పుడు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పుడు పెద్దవాల్తేరులో మూడో అంతస్తులో అద్దెకి ఉండేవాళ్ళం, హాలుకి సముద్రం వైపు గోడ గోడంతా స్లైడింగ్ అద్దాలే. ఓనరు గారు అవి చూపించే అద్దె పెంచి చెప్పారు. పొద్దున్నే కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. ముందు గాలి వెనక బెడ్‌రూముల వైపు నుంచి కొట్టింది. అటు రోడ్డు లేదు, ఎవరికీ కనబడదు, కాబట్టి బిల్డర్ అటువైపు మాత్రం చిన్న కిటికీలు, చెక్క తలుపులు, మీద సన్‌షేడ్లు అన్నీ బుద్ధిగా పెట్టాడు! నీళ్ళు వచ్చాయి గానీ పాత లుంగీలు పెట్టి పిండుకునేంతే.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చప్పుడే లేదు. అందరూ బాల్కనీల్లోకి వచ్చేసి ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుంటున్నారు, మా ఆయన కిందికెళ్ళి పడిపోయిన స్కూటర్ లేపి స్టాండ్ వేసి వచ్చారు. మా అత్తయ్యగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు, "అవ్వలేదర్రా, ఇది తుఫాను కన్ను, నడిమధ్య, ఇంకో సగం ఉంది, ఈసారి అటు నుంచి వస్తాది" అని హాలు వైపు చెయ్యి చూపించారు. ఆవిడది సముద్రం ఒడ్డున ఉన్న భీమిలి, తుఫాన్ల విషయంలో వాతావరణ శాఖ తర్వాత నేను ఆవిడనే నమ్ముతాను. అన్నట్టే వచ్చింది. మొదటిదాని కంటే గట్టిగా, అవతలి వైపు నుంచి.

అద్దం మధ్యలో లోపలికి ఉబ్బడం, మళ్ళీ వెనక్కి పోవడం కంటికి తెలుస్తోంది. కింద పట్టాలో నీళ్ళు ఉడుకుతున్నాయి. మా ఆయనా పిల్లాడూ కలిసి దివాన్ కాట్ ఈడ్చి అద్దాలకి అడ్డం పెట్టారు, దాని మీద పరుపు నిలబెట్టారు. మీరనుకున్నట్టు అద్దం పగల్లేదు. రెక్క మొత్తం, ఫ్రేముతో సహా, పట్టాలోంచి పైకి లేచి పరుపుని తోసుకుంటూ వచ్చి దివాన్ మీద పడింది, అప్పుడు పగిలింది. మామూలు అద్దం అది, టఫెన్డ్ కాదు. టఫెన్డ్ అయితే చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది, ఇది జానెడేసి, మూరెడేసి పొడుగు కత్తులుగా విరిగింది, ఒకటి వెళ్ళి అవతలి గోడ దగ్గర టీవీ స్టాండులో దిగబడింది. మేము నలుగురం రెండు బెడ్‌రూముల మధ్య బాత్రూం ముందుండే ఇరుకు నడవాలో కూర్చున్నాం, ఎందుకంటే ఇల్లు మొత్తం మీద కిటికీ లేని చోటు అదొక్కటే. ఆ నడవా దండగ అని, తీసేస్తే హాలు పెద్దదయ్యేదని నేనే చాలాసార్లు అన్నాను, ఇప్పుడు ఎవరైనా నడవా లేని ప్లాన్ చూపిస్తే ఒప్పుకోను.

సాయంత్రం గాలి తగ్గాక ఎదురింటి మామ్మగారు గేటు దగ్గర నిలబడి కేకేశారు, రండమ్మా ఇలగ, అని. ఆవిడది నలభై ఏళ్ళ కిందటి డాబా ఇల్లు. కిటికీలకి ఇనప చువ్వలు, రెండు రెక్కల చెక్క తలుపులు, లోపల అడ్డగడియలు, మీద ఇంతింత సన్‌షేడ్లు. ఆవిడ నష్టమల్లా పెరట్లో కొబ్బరి చెట్టూ మునగ చెట్టూ. ఇంట్లో నేల పొడిగా ఉంది, నమ్ముతారా! గ్యాస్ మీద ఉప్మా చేసి పెట్టి, మా మేడ వైపు చూసి "ఆ అద్దాలేటమ్మా, ఇల్లా, బట్టల కొట్టు షోకేసా" అన్నారు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ తర్వాత రోజుల్లో పాల కోసం, పెట్రోలు కోసం లైన్లు, కరెంటు లేకపోవడం, ఆకన్నది లేకుండా గోధుమ రంగుకి తిరిగిపోయిన కైలాసగిరి కొండ, అవన్నీ ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు.

మా తమ్ముడు సివిల్ ఇంజనీరు. వాడు చెప్పిందేంటంటే, గాలి లెక్కలకి ఐఎస్ 875 అని ఒక కోడ్ ఉంది, అందులో మూడో భాగంలో విశాఖపట్నంలో కట్టేవాటికి లెక్కేసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు అని రాసుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ గాలి కూడా దాదాపు అంతే. అంటే ఇది ఎవరూ ఊహించని విపత్తేం కాదు, పుస్తకంలో ఉన్నదే వచ్చింది. మరి స్లాబుకీ కాలమ్స్‌కీ ఆ లెక్క కడతారు గదా, కిటికీకి ఎవరు కడుతున్నారు అంటే వాడు నవ్వాడు. కిటికీ ఫ్రేములు చేసే ఫ్యాబ్రికేషన్ వాడు వస్తాడు, నాలుగు స్క్రూలు బిగిస్తాడు, చుట్టూ సిలికాన్ పూసి పోతాడు. ఆ సిలికాన్ ఎండకి ఊడిపోయాక అక్కణ్ణుంచి చెమ్మ మొదలు. ఇప్పుడు ఎవరింటికెళ్ళినా కిటికీ మూల పెయింట్ పొంగి కనబడితే నేనిక వేరే కారణం వెతకను, బయటికెళ్ళి పైకి చూస్తాను. సన్‌షేడ్ ఉండదు.

మిగతావి కూడా చెప్పమంటే బోలెడున్నాయి. బాల్కనీకి స్టీల్ రెయిలింగ్ అంటారు, 304 గ్రేడ్ అని మామూలు రకం స్టీలు వేస్తారు, బీచ్ దగ్గర ఆ ఉప్పు గాలికి కొన్నాళ్ళకే దాని మీద టీ మరకల్లాంటివి వస్తాయి, సముద్రం పక్కన 316 గ్రేడ్ వెయ్యాలి, అది ఖరీదు, అందుకని ఎవడూ ఆ మాటెత్తడు. బాత్రూంలో అద్దం పార్టిషన్, బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట అది వారం తిరక్కుండా తెల్లగా మసకేస్తుంది, రుద్దేది ఎవరు? బట్టలారేసుకునే చోటు అసలు ఉండదు, అన్నిటికంటే ఇది నాకు ఒళ్ళు మంట. వాష్ ఏరియా అని ప్లాన్‌లో గీత గీస్తారు, వాషింగ్ మెషిన్ పెట్టాక మనిషి తిరగడానికి ఉండదు, పోనీ బాల్కనీలో తీగ కడదామంటే అసోసియేషన్ వాళ్ళు నోటీసు పెడతారు, మళ్ళీ అదే ఎలివేషన్! ఇక్కడి గాలిలో ఉండే తేమకి నీడన వేసిన దుప్పటి మూడో రోజుకి కూడా ఆరదు, బూజు వాసనొస్తుంది.

ఓపెన్ కిచెన్ గురించి నేను చెప్పేదొకటే, అది డిజైన్ చేసినవాడింట్లో ఎండు చేపలు, అదే నెత్తళ్ళు, వేయించరు. మేము వేయిస్తాం. చిమ్నీ ఎంత పెద్దది పెట్టినా సోఫా గుడ్డకి పట్టేస్తుంది.

ఇంకోటి, ఇల్లు ఎప్పుడు చూడాలో కూడా చెప్తాను. వీళ్ళు కావాలని సాయంత్రం ఐదింటికి రమ్మంటారు, ఎండ అవతలికి పోయుంటుంది, చల్లగాలి వస్తుంటుంది, మనకి అంతా బావుంటుంది. ఒకసారి ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిదింటికి వెళ్ళండి, మళ్ళీ గాలివాన వచ్చిన మర్నాడు చెప్పకుండా వెళ్ళండి. కిటికీ కింద గోడ మీద అరచెయ్యి ఆనించండి, చల్లగా మెత్తగా తగిలితే ఇంక వాస్తు కూడా అడక్కుండా వచ్చేయండి.

ప్రస్తుతం సీతమ్మధారలో ఒక పాత ఫ్లాట్ చూశాం, రీసేల్. లిఫ్ట్ చిన్నది, బాత్రూం టైల్స్ ఘోరంగా ఉన్నాయి, వంటగదికి తలుపుంది, ప్రతి కిటికీకి సన్‌షేడ్ ఉంది, అడుగున గాడి కూడా ఉంది, నేను టార్చ్ వేసి మరీ చూశాను. సెల్లార్‌లో మాకొచ్చే పార్కింగ్‌లో కారు ముందు భాగం బయటికి ఉండిపోతుందని, వానకి తడుస్తుందని మా ఆయన గొణుగుతున్నారు. దానికో కవర్ కొందాంలెండి అన్నాను.