మంట చప్పుడును బట్టి లోపలి అల్లకల్లోలం తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ మంట మొత్తానికి కలిపే, ఏ చోట ఎంతో కాదు. మైక్రోఫోన్‌కు అందేది మంటలో వేడి విడుదల రేటు ఎంత వేగంగా మారుతోందన్నది. వేడి నిలకడగా వస్తే చప్పుడుండదు. సుడులు మంట పొరను ముడతలు పెట్టి, తెంపి, ఆ ముక్కలు చటుక్కున కాలిపోయినప్పుడే గర్జన.

1968లో హర్ల్, ప్రైస్ తదితరులు దీన్ని కొలిచి చూపించారు: ముందే గాలి కలిపిన మంటలో సీహెచ్, సీ2 రాడికల్స్ (కాలేటప్పుడు క్షణకాలం పుట్టే అణు ముక్కలు) వెలుగు వేడి విడుదలను సూచిస్తుంది; దాని కాల అవకలజం, అంటే ఆ వెలుగు క్షణక్షణం మారే రేటు, తీస్తే అది ధ్వని పీడనంతో సరిపోయింది.

మీరు చేయాలంటే ఫోటోమల్టిప్లయర్ (మసక వెలుగును కూడా కొలిచే పరికరం) ముందు 431 నానోమీటర్ల ఫిల్టర్ (సీహెచ్ కోసం), మంటకు పక్కగా ఒక మీటరు దూరంలో మైక్రోఫోన్ పెట్టండి. పైన పెడితే వేడిగాలికి పాడవుతుంది. ధ్వని సుమారు 2.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వెలుగు సిగ్నల్‌ను అంత జరపకపోతే రెండూ కలవవు. మంట ఆర్పి, అదే ప్రవాహంతో జెట్ రొదను, అంటే బర్నర్ నుంచి వాయువు దూసుకొచ్చే చప్పుడును, విడిగా రికార్డు చేసుకోండి.

అసలు తలనొప్పి గది గోడల ప్రతిధ్వని. చప్పుడు బలమంతా ఎక్కువగా కొన్ని వందల హెర్ట్జ్ దగ్గరే. 200 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యమే 1.7 మీటర్లు, రెండంగుళాల ఫోమ్ దాన్నేం ఆపుతుంది?

మసితో పసుపుపచ్చగా మండే మంటకు ఈ వెలుగు పద్ధతి పనికిరాదు, మసి కాంతి రాడికల్స్ కాంతిని మింగేస్తుంది.