ఐడ్లింగ్ దిగని బండి గురించి అల్లునికి

అల్లుడా,

నువ్వు పంపిన వీడియో చూసిన. రేడియేటర్ ఫ్యాను తిరిగినంక కూడ ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే ముల్లు 1500 మీదనే నిలవడ్డది. వేడెక్కిన పెట్రోల్ ఇంజన్ ఐడ్లింగ్‌ల, అంటె పెడలు తొక్కకుంట ఊకె నడుస్తున్నప్పుడు, 700, 850 నడుమ ఉండాలె. ఐడ్లింగ్‌కు గాలి ఇచ్చే ఐడిల్ వాల్వు కొత్తదేసినా మార్పు లేదని, ఇగ పెడలుతోని తెరుచుకునే గాలి ప్లేటు ఎంత తెరిచున్నదో చెప్పే థ్రాటిల్ సెన్సార్ తెప్పిస్తనని అన్నవు. ఇప్పుడే తెప్పియ్యకు. ముందుగాల ఒక్కటి తేల్చుకో: ఆ ఎక్కువ గాలిని ఇంజన్‌ను నడిపే కంప్యూటరే అడిగి తీసుకుంటున్నదా, లేకపోతె అది వద్దంటున్నా గాలి జొరబడుతున్నదా? ఇది తెలిసేదాంక గిరాకితోని ఒక్క పార్టు కూడ కొనిపియ్యకు. ఆయనది కష్టపడ్డ పైస.

పెడలు తొక్కకుంటనే ఇంజన్ రేస్ అయితున్నదంటే ఎటునుంచో గాలి అందుతున్నట్టే. నీ దగ్గరున్నది మ్యాప్ సెన్సార్ బండి. అది మానిఫోల్డ్‌ల, అంటె సిలిండర్లకు గాలి పంచే గొట్టంల, ఒత్తిడి చూసి పెట్రోలు కొలుస్తది. దొంగగాలి వచ్చినా దానికి తగ్గ పెట్రోలు పోస్తది గనుక ఇంజన్ వణకకుంట సాఫీగనే రేసుల ఉంటది. మాఫ్ సెన్సార్ బండిల అట్ల కాదు. గాలిని ముందే కొలుస్తది కాబట్టి తర్వాత జొరబడ్డది లెక్కల పడదు. గాలికి తగ్గ పెట్రోలు లేక మిక్చర్ పల్చనయ్యి ఇంజన్ వణుకుతది, ఆ సంగతి చెప్పే పీ 0171 కోడు వస్తది. అందుకే మన బండిల లీకు కోడు లేదని లీకు లేదనుకోవద్దు.

రేపు పొద్దున షట్టరు తీయంగనే, బండి స్టార్ట్ చెయ్యకముందే స్కానర్ పెట్టు. రాత్రంత ఆగిన ఇంజన్‌కు కూలెంట్ వేడి, లోపలికొచ్చే గాలి వేడి దాదాపు ఒక్కతీరుగ చూపియ్యాలె. ఎండకాలం పొద్దుగాల మీ పాలమూరుల కూలెంట్ 5 డిగ్రీలు చూపిస్తే ఆ సెన్సార్ అబద్ధం చెప్తున్నట్టు. మైనస్ 40 చూపిస్తే వైరో కనెక్టరో తెగింది. ఇంకోటి, తాళం ఆన్ చేసి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మ్యాప్ రీడింగ్ మీ దగ్గర 95 కిలోపాస్కల్ చుట్టుపక్కల రావాలె. పుస్తకాలల్ల 101 అని ఉంటది, అది సముద్రమట్టానికి లెక్క. మీ ఊరు దాదాపు 500 మీటర్ల ఎత్తుల ఉన్నది.

అప్పుడు స్టార్ట్ చేసి బాగ వేడెక్కనియ్యి. ఐడిల్ వాల్వుకు కంప్యూటర్ ఎన్ని స్టెప్పులు, అంటె ఎంత తెరువుమని, చెప్తున్నదో చూడు. సున్నా దగ్గరికి మూసేసి కూడ రేసు దిగకపోతె గాలి వేరే తొవ్వల వస్తున్నది. స్టెప్పులు మస్తు తెరిచి ఉంటె కంప్యూటరే అడుగుతున్నది. స్కానర్‌ల అది కనవడకపోతె ఎయిర్ పైపు విప్పి, థ్రాటిల్ బాడీల ఐడిల్ వాల్వుకు పోయే రంధ్రం వేలుతోని మూసి చూడు. రేసు దిగితె గాలి ఆ వాల్వు నుంచే. దిగకపోతె లీకు బయట ఉన్నది.

గాలిని కంప్యూటరే అడుగుతున్నదని తేలితే, నా అనుమానం మొదలు థర్మోస్టాట్ మీద. మన దిక్కు ఎండలకు భయపడి దాన్ని పీకి పారేసినోళ్లు చానమంది. అది కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు, 82 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకుంటది. అది లేకపోతె, ముఖ్యంగ చలికాలం, ఇంజన్ పూర్తిగ వేడి పట్టదు. కంప్యూటర్ ఇంక చల్లగున్నదనే అనుకొని గాలి, పెట్రోలు ఎక్కువిస్తది, మైలేజి గూడ పడిపోతది. ఎండకాలం బండి వేడెక్కిందంటే చూడాల్సింది ఫ్యాను, రేడియేటర్, కూలెంట్. అంతే తప్ప థర్మోస్టాట్ ఏం పాపం చేసింది? నల్లగొండలైనా మీ దగ్గరైనా బోరు నీళ్లు పోస్తే లోపల తెల్లగ పొర కడ్తది, కూలెంట్ సెన్సార్ మూతి మీద కూడ. నువ్వు మాత్రం ఎన్నడు బోరు నీళ్లు పొయ్యకు. ఇవన్ని మంచిగనే ఉంటె ఛార్జింగ్ ఓల్టేజి 13.5 పైన ఉన్నదా, ఏసీ ఆపినా ఆన్ అని చూపిస్తున్నదా, పెడలు వదిలినంక థ్రాటిల్ సెన్సార్ మూసినట్టు చెప్తున్నదా చూడు.

కంప్యూటర్ వద్దంటున్నా గాలి వస్తున్నదంటే ముందు చిన్నయి చూడు. మ్యాటు పెడలు కింద ఇరుక్కున్నదా, కేబుల్ బిగుసుకున్నదా, కార్బన్ పట్టి ప్లేటు పూర్తిగ మూసుకుంటలేదా. తర్వాత పైపులు. ఇంజన్ నడుస్తుండంగ ఒక్కో రబ్బరు పైపు మీద గుడ్డ ఏసి నోస్ ప్లయర్‌తోని మెల్లగ నొక్కు. బ్రేక్ బూస్టర్ పైపు నొక్కంగనే రేసు దిగితె దొంగ దొరికినట్టే, అప్పుడు బ్రేక్ పెడలు గట్టిగున్నదా అని గూడ చూడు. అది ప్రాణాల మీది ముచ్చట. పెట్రోలు ట్యాంకు ఆవిరిని ఇంజన్‌కు పంపే పర్జ్ వాల్వు పైపు పీకి వాల్వు మూతికి వేలు పెట్టు. ఇంజన్ చల్లగున్నప్పుడు అది గుంజొద్దు. ఇంజన్ లోపటి ఆవిరిని మళ్ల మానిఫోల్డ్‌కు పంపే పీసీవీ పైపు అడుగు దిక్కు చెయ్యి పోనిచ్చి తడుము, పగులు ఎప్పుడు కనవడని దిక్కే ఉంటది. మా మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల కాడ ఆపిన బండ్లల్ల పైపులు ఎలుకలు కొరుకుతయి. నీ గిరాకిది వడ్ల యాపారమైతే బండి రాత్రి ఎక్కడ పెడ్తడో అడుగు.

మానిఫోల్డ్ ప్యాకింగ్ మీద అనుమానముంటె నీళ్ల స్ప్రే కొట్టి చూడు, లీకున్న కాడ కొడితే ఇంజన్ చప్పుడు మారుతది. కొందరు కార్బ్ క్లీనర్ కొడ్తరు. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే భగ్గుమంటది, నా షెడ్డుల దాన్ని ఎవ్వలను కొట్టనియ్య.

థ్రాటిల్ స్టాప్ స్క్రూ మాత్రం ముట్టకు, బిడ్డా. అది కంపెనీల సెట్ చేసి ఇచ్చింది. తిప్పితే రేసు దిగినట్టే ఉంటది గని, ప్లేటు పూర్తిగ మూసుకున్న స్థానం కంప్యూటర్‌కు తప్పైతది, లీకు లీకు లెక్కనే ఉంటది. నీకంటె ముందు ఎవరన్న తిప్పిన్రేమో స్క్రూ మీద పెయింటు గుర్తు చూడు.

లీకు బందయినంక థ్రాటిల్ బాడీ సాఫ్ చేస్తె, బ్యాటరీ తీసి పెడ్తె, ఐడ్లింగ్ కొంచెం అటిటు ఆడొచ్చు. కంప్యూటర్ కొత్తగ నేర్చుకోవాలె. ఆ మోడల్‌కు రీలెర్న్ పద్ధతి స్కానర్‌ల ఉంటె అది చెయ్యి. ఏసీ ఏసి, తీసి, హెడ్‌లైట్లు పెట్టి చూడు. ఆ సాయంత్రమే బండి ఇయ్యకు. రాత్రి షెడ్డుల ఉంచి, తెల్లారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రేసు పైకి లేచి మెల్లమెల్లగ తనంతట తానే దిగేది గిరాకికి పక్కన నిలవెట్టి చూపియ్యి. పీకిన పాత వాల్వు గూడ ఆయనకే ఇయ్యి. అది పనికొచ్చేదే అని తేలితే, కొత్త వాల్వు పైసలు బిల్లుల రాయకు.

మీ మామ